జేబు గణనయంత్రము – దాని అంకెల వెలుగు

ఎక్కములు వల్లించి, పలకమీద కూడికలు తీసివేతలు వేసి లెక్క నేర్చుకొనుట మన పాఠశాలలలో తరతరములుగా వచ్చుచున్న పద్ధతి. నేడు అంగడిలో వర్తకుని బల్లమీదను, కార్యాలయములయందు గుమాస్తాల చెంతను, పై తరగతుల విద్యార్థుల సంచులలోను ఒక చిన్న యంత్రము కానవచ్చుచున్నది. మీటలు నొక్కినంతనే గుణకార భాగహారముల ఫలితము దాని నొసట అంకెల రూపమున ప్రత్యక్షమగును. దీనిని కాల్క్యులేటరని యందురు. మేము ఈ వ్యాసమున గణనయంత్రమని వ్యవహరింతుము. ఈ యంత్రము లెక్క నెట్లు చేయునో తెలిసికొనగోరువారు పెక్కుమంది కలరు. చేసిన లెక్కను మన కంటి కెట్లు చూపునో విచారించువారు మాత్రము తక్కువ. చేయుటయే కష్టము, చూపుట సులభమని తోచుట సహజము. కాని ఈ యంత్రముల చరిత్రను పరిశీలించినచో, చూపుటయే చాలకాలము గొప్ప చిక్కై నిలిచెననియు, ఆ చిక్కు విడిన పిదపనే ఇది సామాన్యుని జేబునకు వచ్చెననియు తెలియగలదు. ఆ వృత్తాంతమును విద్యార్థులకు బోధపడునట్లు వివరించుటయే మా యుద్దేశము.

లెక్కచేయు యంత్రములు విద్యుచ్ఛక్తి సాయము లేకయే పూర్వము పని చేయుచుండెను. 1948వ సంవత్సరము మొదలుకొని లీక్టెన్‌స్టైన్ అను చిన్న రాజ్యమున తయారైన కుర్టా యంత్రము పిడికిట నిముడునంతటిది. కర్ట్ హెర్జ్‌స్టార్క్ అను ఆస్ట్రియా దేశస్థుడు నాజీల బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరమున బందీగా నుండి దాని పటములను గీచెను. మిరియాలు విసరు చిన్న తిరుగలి పిడివలె దాని పిడిని చేతితో త్రిప్పవలెను. లోపలి పండ్లచక్రములు తిరుగగా, వానిచే త్రిప్పబడిన అంకెలు పైనున్న చిన్న కిటికీలలో వచ్చి నిలుచును. లెక్క చేయు చక్రముల కదలికయే లెక్కను చూపును గావున అందు చూపుటకై వేఱొక శక్తి అక్కఱలేదు. విద్యుద్గణనయంత్రమున సంగతి వేఱు. అందు సంఖ్య యనగా సన్నని మార్గములలో విద్యుత్ప్రవాహ ముండుటయో లేకుండుటయో మాత్రమే. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు. అదృశ్యమైన ఆ సంఖ్యను దృశ్యముగా జేయుట కొక సాధనము కావలసివచ్చెను.

అట్టి సాధనములలో మిక్కిలి పేరొందినది నిక్సీ గొట్టము. దీనిని అమెరికా దేశపు బరోస్ కంపెనీవారు 1955లో ప్రసిద్ధికి దెచ్చిరి. గాజు గొట్టమునందు నియాను వాయువును అల్ప పీడనమున నింపి, 0 మొదలు 9 వఱకు అంకెల యాకారమున మలచిన పది సన్నని లోహపు తీగెలను ఒకదాని వెనుక నొకటిగా నిలుపుదురు. వాని ముందు ధన ధ్రువముగా ఒక సన్నని వల యుండును. ఏ యంకె కావలయునో ఆ యంకె తీగెకు ఋణ విద్యుత్తును గలిపినచో, దాని నంటియున్న వాయువు నారింజపండు వన్నెతో ప్రకాశించును. ఇందు ఎఱ్ఱగా కాగి వెలుగునది తీగె కాదు, వెలుగునది వాయువే. చూచుట కిది మిక్కిలి మనోహరము. కాని దీనికి సుమారు 170 వోల్టుల విద్యుత్తు కావలయును. అంకె కొక గాజు గొట్టము చొప్పున బారులు తీర్చవలయును. 1961లో ఇంగ్లండు దేశపు బెల్ పంచ్ కంపెనీవారు ప్రకటించిన అనిటా యంత్రము పూర్తిగా విద్యుత్సాధనములతో నడచిన మొదటి బల్లగణనయంత్రము. అందు ఫలితములు ఇట్టి గొట్టములయందే వెలుగుచుండెను. అది బల్లమీద నిలుపదగినదే గాని జేబున వేయదగినది కాదు.

ఇంతలో లెక్క చేయు భాగము మాత్రము త్వరితముగా చిన్నదగుచుండెను. 1958లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో పని చేయుచుండిన జాక్ కిల్బీ, పెక్కు విద్యుత్సాధనములను ఒకే బిళ్లమీద నిర్మింపవచ్చునని చూపెను. ఆయనయు, జెర్రీ మెర్రీమన్, జేమ్స్ వాన్ టాసెల్ అను మఱి యిద్దఱును కలసి 1967 నాటికి చేతబట్టుకొన దగిన గణనయంత్రము నొకదానిని సిద్ధపఱచిరి. దాని పేరు కాల్‌టెక్. విద్యార్థులు గమనింపవలసిన విశేష మేమనగా, ఆ యంత్రమున అంకెలు వెలుగుటకు దీపములే లేవు! నిక్సీ గొట్టముల వంటివి బ్యాటరీతో నడచు చిన్న పెట్టెకు తగినవి కావు. అందుచే వారు వేడి తగిలిన నల్లబడు కాగితపు పట్టీమీద అంకెలు ముద్రించు ఏర్పాటు చేసిరి. ఆ మార్గముననే 1970లో జపాను దేశపు కెనన్ కంపెనీవారి పాకెట్రానిక్ అను యంత్రము విపణికి వచ్చెను. దానియందును సమాధానము కాగితముమీదనే పడుచుండెను. లెక్క చేయు నేర్పు చేతి కందినను, చూపు నేర్పు ఇంకను అందలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ లోపల జపాను దేశమున ఇసే కంపెనీవారు వేఱొక గొట్టమును కనిపెట్టియుండిరి. గాలి తీసివేసిన గాజు గొట్టమున ఒక సన్నని తీగెను కొంచెముగా వేడిచేసిన దానినుండి ఎలక్ట్రానులు వెలువడును. అవి ఎదుటనున్న పలకలపై బడగా, ఆ పలకలకు పూసిన పొడి నీలిపచ్చని కాంతితో మెఱయును. దీనికి ఇరువది ముప్పది వోల్టులు చాలును. నిక్సీ గొట్టమునకు గల మఱియొక చిక్కు నిందు తొలగెను. పది అంకెలకు పది తీగె లక్కఱలేక, కొలది గీతలనే కావలసినట్లు వెలిగించి ఏ యంకెనైనను కూర్పవచ్చును. 1969లో షార్ప్ కంపెనీవారు విడుదల చేసిన క్యు.టి. 8డి అను యంత్రమునకు ఇట్టి గొట్టములనే అమర్చిరి. దాని అంకెలు వంపులు దేఱి విచిత్రముగా నుండెను. అందు సున్న తక్కిన యంకెల ఎత్తులో సగమే. క్రమముగా ఆ వంపులు పోయి, ఏడు తిన్నని గీతల పద్ధతి స్థిరపడెను. పైన నొకటి, నడుమ నొకటి, క్రింద నొకటి అడ్డుగీతలు. ఇరుప్రక్కల రెండేసి నిలువుగీతలు. ఏడును వెలిగిన 8. నడుమగీత యాఱిన 0. కుడివైపు నిలువుగీతలు రెండే వెలిగిన 1. 1972లో కాసియో కంపెనీవారు 12,800 యెన్నులకు అమ్మజూపిన కాసియో మినీ యంత్రమున ఆఱు స్థానముల అంకెలు ఈ నీలిపచ్చని కాంతితోనే కనబడుచుండెను. చిన్న వర్తకులును గృహస్థులును దానిని లక్షల కొలదిగ కొనిరి.

అమెరికాలో వేఱొక వెలుగు పుట్టెను. 1962లో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు గాలియము, ఆర్సెనిక్కు, భాస్వరము కలసిన స్ఫటికముగుండ విద్యుత్తును పంపి ఎఱ్ఱని కాంతిని పుట్టించెను. ఇందు గాజు గొట్టము లేదు, వాయువు లేదు, కాగు తీగె లేదు. గట్టి స్ఫటికమే వెలుగును. రెండు వోల్టులైన నక్కఱలేదు. దీనినే ఎల్.ఇ.డి. యందురు. 1971 జనవరిలో బిజికామ్ అను జపాను కంపెనీవారి హ్యాండీ యంత్రము ఈ ఎఱ్ఱని అంకెలతో వెలువడెను. లెక్కయంతయు ఒకే బిళ్లమీద జరుగునట్లు మోస్టెక్ అను అమెరికా కంపెనీవారు దానికి సాధనము చేసి యిచ్చిరి. జేబున నిముడు యంత్రములలో ఎల్.ఇ.డి. అంకెలు గలది ఇదియే మొదటిది. ఆ సంవత్సరమే అమెరికాలో బౌమార్ కంపెనీవారును అట్టి యంత్రమును 240 డాలర్లకు అమ్మజూపిరి.

ఈ స్ఫటికము మిక్కిలి వెలగలది. పెద్ద యంకెలు చేసినచో ఖర్చు పెరుగును, విద్యుత్తును ఎక్కువ త్రాగును. అందుచే అంకెలను చీమ తలలంతటివిగా జేసి, వానిమీద బుడగవంటి చిన్న భూతద్దములను బోర్లించిరి. ప్రాత యంత్రములను ప్రక్కనుండి చూచినపుడు అంకెలు మాయమగుట కిదియే కారణము. అంతటితో చిక్కు తీఱలేదు. ఎనిమిది స్థానములకు ఏడేసి గీతలు చొప్పున 56 గీతలు. గీత కొక తీగె చొప్పున 56 తీగెలు లాగుట సాధ్యమా? దీనికి వారు కనిపెట్టిన యుపాయము ముచ్చటైనది. అన్ని స్థానములను ఒక్కసారిగా వెలిగింపరు. మొదటి స్థానమును రెప్పపాటులో ఎన్నో వంతు కాలము వెలిగించి ఆర్పి, రెండవదానిని, పిదప మూడవదానిని, ఇట్లు వరుసగా వెలిగించి మఱల మొదటికి వత్తురు. గీతలకు ఏడు తీగెలు, స్థానములకు ఎనిమిది, వెరసి 15 తీగెలే చాలును. కొఱవిని వేగముగా త్రిప్పినచో అగ్నివలయము కనబడును గదా! మన పెద్దలు దానిని అలాతచక్రమనిరి. వలయము లేదు, త్రిప్పబడు కొఱవి యొక్కటే కలదు. అట్లే యంత్రము నొసట ఏ క్షణమున చూచినను ఒక్క యంకెయే వెలుగుచుండును. తక్కినవి వెలుగుచున్నవని మన కన్ను నమ్ముచుండును.

1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీవారి హెచ్.పి. 35 యంత్రము వచ్చెను. తన చొక్కా జేబున పట్టు యంత్రము కావలెనని విలియం హ్యూలెట్ కోరిన కోరికయే దాని పుట్టుకకు మూలము. 35 మీటలుండుటచే దాని కా పేరు వచ్చెను. వెల 395 డాలర్లు. సంవర్గమానములను, కోణములకు సంబంధించిన లెక్కలను క్షణములో జేసి చూపగలిగినది. తరముల తరబడి ఇంజనీర్లు చేతబట్టిన స్లయిడు రూలు కొలది సంవత్సరములలో మూలబడెను. కాని ఎఱ్ఱని అంకెలు గల ఈ యంత్రముల కొక తీఱని దాహ ముండెను. మీటలు నొక్కక యుంచినను అంకెలు వెలుగుచునే యుండును. కొలది గంటలలో బ్యాటరీ నీరసించును. 1 అంకెకు రెండు గీతలు, 8 అంకెకు ఏడు గీతలు గనుక, నొసట ఏ సంఖ్య నిలిచినదో దానినిబట్టి విద్యుత్తు ఖర్చు సైతము మాఱుచుండెను!

అదే 1972లో ఇంగ్లండున క్లైవ్ సింక్లెయిర్ అనునాతడు ఈ దాహమును వేఱు విధమున తగ్గించెను. లెక్క చేయు బిళ్లకు విద్యుత్తును ఎడతెగక ఈయనక్కఱలేదని గ్రహించి, దానిని అతివేగముగా ఇచ్చుచు మానుచు నుండునట్లు అమర్చెను. మానిన రవ్వంత కాలములో బిళ్లయందు నిలిచిన కొద్దిపాటి విద్యుత్తే దానికి జ్ఞాపకము చెడకుండ కాపాడును. ఇందుచే చెవిటివారి వినికిడి సాధనములయందు వాడు బొత్తాము బ్యాటరీలే ఆయన యంత్రమునకు చాలెను. దాని మందము అంగుళమున సుమారు మూడెనిమిదవ వంతు. పొదుపరి యగు గృహిణి ఊదుడుగొట్టముతో నిప్పును నిలిపినట్లు, శక్తిని నిలువబెట్టిన నేర్పిది. అయినను అంకెల వెలుగు మాత్రము ఖర్చుగనే నిలిచెను.

అప్పుడు శాస్త్రజ్ఞుల యాలోచన మఱియొక త్రోవ పట్టెను. వెలుగును పుట్టించుట యెందులకు? లోకమున వెలుగు కావలసినంత యున్నది గదా. దానిని కావలసినచోట అడ్డిన చాలదా? ఈ యాలోచనకు ద్రవ స్ఫటికము లనునవి ఆధారమయ్యెను. 1888లో ప్రేగు నగరమున ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు క్యారట్టు దుంపల నుండి తీసిన కొలెస్టరాలుతో పరిశోధనలు చేయుచు, దానినుండి చేసిన యొక పదార్థము 145.5 డిగ్రీలకడ కరగి మబ్బుగా నుండి, 178.5 డిగ్రీలకడ గాని తేటపడకుండుట గమనించెను. ఆ మబ్బుదశయందు అది నీటివలె ప్రవహించును. కాని స్ఫటికమువలె అణువులు వరుస దీఱి నిలుచును. ఈ వింత వస్తువు ఎనుబది సంవత్సరములు శాస్త్రజ్ఞులకు వింతగనే యుండెను. 1968లో అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీవారు జార్జి హైల్మయర్ మొదలగువారి కృషివలన దీనితో అంకెలు చూపవచ్చునని ప్రకటించిరి. 1970లో స్విట్జర్లండున మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ అనువారు ఇంకను మేలైన మార్గము కనుగొనిరి. ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయమున జార్జి గ్రే అను రసాయన శాస్త్రజ్ఞుడు సాధారణపు వేడిమియందే చెడక నిలుచు ద్రవ స్ఫటికములను తయారుచేసి ఈ పనికి బలము చేకూర్చెను.

ఆ మేలైన మార్గ మెట్టిదనగా: రెండు గాజుపలకల నడుమ ఈ ద్రవమును మిల్లీమీటరులో సుమారు నూఱవ వంతు మందమున నింపుదురు. పలకల లోపలిముఖములను సన్నగా రుద్దుటచే అణువులు క్రిందినుండి పైకి మెలిదిరిగిన మెట్లవలె వరుసదీఱి నిలుచును. వెలుగు ఆ మెలిక ననుసరించి తానును మెలిదిరిగి బయటికి వచ్చును. విద్యుత్తు తగిలినచోట అణువులు నిటారుగా నిలిచి మెలిక విడిపోవును. అచ్చట వెలుగు బయటపడలేక నల్లనిగీత కనబడును. ఇందు విద్యుత్తు వెలుగును పుట్టింపదు; తలుపు తెఱచుచు మూయుచు నుండు ద్వారపాలకునివలె పని చేయును. అందువలన ఖర్చు అత్యల్పము. 1973లో షార్ప్ కంపెనీవారి ఇ.ఎల్. 805 అను యంత్రము ద్రవ స్ఫటికపు అంకెలతో వెలువడెను. అందు వాడినది ఆర్.సి.ఎ. వారి మొదటి పద్ధతియే యైనను, అల్పశక్తితో నడచు బిళ్లయు తోడగుటచే, ఒక్క చిన్న బ్యాటరీతో నూఱు గంటలు పని చేసెను. 1976లో అదే కంపెనీవారు ఎండవెలుగుతో నడచు యంత్రమును అమ్మజూపిరి. 1983లో కాసియో కంపెనీవారు 0.8 మిల్లీమీటరు మందము గల, అట్టముక్కవంటి యంత్రమును చేసిరి. సర్వేశ్వరుడు ఎల్లరకు ఊరక యొసగిన వెలుగే ఇప్పుడు లెక్క చేయుటకును, చూపుటకును చాలినదయ్యెను. చీకటిలో దీని యంకెలు కనబడవనుట నిజమే. కాని చీకటిలో లెక్కలు వ్రాయువా రరుదు గదా!

పోటీవలన వెలలు పడిపోయెను. ఎఱ్ఱని దీపములు చేయుటలో ప్రసిద్ధి కెక్కిన బౌమార్ కంపెనీ 1975లో అప్పులు తీర్పజాలక దివాలా రక్షణ కోరవలసివచ్చెను. నాడు గొప్ప ఇంజనీర్లకు మాత్రమే అందిన యంత్రము నేడు పూటభోజనపు వెలకు దొరకుచున్నది. అందుచే విద్యార్థులకు దీనినిగూర్చి ఒక మాట చెప్పుట మా విధియని తలంచుచున్నాము. అంకె యెంత ప్రకాశముగా నున్నదో, అంత నిజమని యెంచరాదు.

హెచ్.పి. 35 యంత్రములలో మొదట తయారైనవానియందు ఒక లోప ముండెను. 2.02 అను సంఖ్యకు సంవర్గమానము కనుగొని, దానిని మఱల వెనుకకు త్రిప్పినచో 2.02 రావలెను గదా! ఆ యంత్రము 2 అని చూపుచుండెను. ఆ తప్పుటంకె తక్కిన అంకెలంత ఎఱ్ఱగను, అంత స్పష్టముగను వెలిగెను. దీపమునకు సత్యాసత్యములు తెలియవు. కంపెనీవారు ఆ లోపము నొప్పుకొని, కోరినవారికి యంత్రములను మార్చి యిచ్చుటకు సిద్ధపడిరి. అట్టి నిజాయితీ యంత్రమునకు లేదు. అది మనుష్యునియందే యుండవలెను.

ఏడుగీతల యంకెలకు మఱియొక యపాయము గలదు. ఒక గీత చెడిపోయినచో అంకె మాయము గాదు. వేఱొక యంకెగా మాఱి నిలుచును. 8లో నడుమగీత యాఱిన 0 అగును. పై కుడిగీత యాఱిన 6 అగును. క్రింది యెడమగీత యాఱిన 9 అగును. 7లో పైగీత యాఱిన 1 అగును. నిక్సీ గొట్టమున తీగె చెడినచో ఆ చోటు శూన్యమై, చెడినదని తెలియును. ఏడుగీతలందు మాత్రము చెడుగు మంచి వేషము ధరించును. ఉదాహరణమునకు 68ని 12చే గుణించిన 816. నూర్ల స్థానమున ఆ పై కుడిగీత చెడినచో యంత్రము 616 అని చూపును. ఒంట్ల స్థానము చూచి ఎనిమిది రెండ్లు పదునాఱు, 6 సరియే యని తృప్తిపడినచో మోసపోదుము. 70 పన్నెండ్లు 840 గదా, సమాధానము దాని దరిదాపుల నుండవలెను గదా యని తలపోసినవానికే తప్పు దొరకును. అంగడిలో ఇన్నూఱు రూపాయల తప్పు చేతిసొమ్ముతో తీఱవచ్చును. వైద్యశాలలో మందు మోతాదునందలి తప్పు ప్రాణముతో గాని తీఱకపోవచ్చును.

కావున విద్యార్థులు రెండు నియమములు పాటింతురు గాక. మొదటిది: ఇతరుల యంత్రమునో, ప్రాత యంత్రమునో చేత బట్టినపుడు, ముందుగా అన్ని స్థానములయందును 8 నొక్కి, గీతలన్నియు నిలిచినవో లేవో చూడవలెను. రెండవది: మీట నొక్కుటకు పూర్వమే సమాధాన మెంతలో నుండునో మనస్సున అంచనా వేసికొనవలెను. ఈ రెండవ నియమమునకు ఎక్కములు రావలెను. యంత్రము వచ్చినది గనుక ఎక్కము లేల యని యడుగు బాలురకును, అట్లే తలంచు తలిదండ్రులకును ఇదియే మా సమాధానము. ఎక్కములు వచ్చినవానికి యంత్రము సేవకుడు, రానివానికి యజమానుడు.

నియాను వెలుగు మొదలు ద్రవ స్ఫటికము వఱకు ఎందఱో బుద్ధిమంతులు ముప్పది సంవత్సరములు శ్రమించి సంఖ్యను మన కంటికి జూపిరి. అది యుక్తమైన సంఖ్య యగునా కాదా యని నిర్ణయించు భారమును వారు మనకే విడిచిరి. ఆ భారమును వహింపదగిన బుద్ధి మన విద్యార్థులకు కలుగుగాక యని ఆశించుచున్నాము.